పక్కవాడి పడవకన్నా పొడుగ్గా

2022 మే 5న జర్మనీలోని స్టట్‌గార్ట్ నగరంలో, మెర్సిడెస్ బెంజ్ మ్యూజియంలో ఒక పాత కారును వేలం వేశారు. 1955 నాటి 300 ఎస్ఎల్ఆర్ ఊలెన్‌హౌట్ కూపే అది. ఆ రకం కార్లు లోకం మొత్తానికి రెండే తయారయ్యాయి, ఆ రెండూ అప్పటిదాకా కంపెనీ దగ్గరే ఉన్నాయి. పాట 13.5 కోట్ల యూరోల దగ్గర ముగిసింది. అప్పటి మారకం విలువలో దాదాపు 1,100 కోట్ల రూపాయలు. వచ్చిన సొమ్మును విద్యార్థుల ఉపకార వేతనాల నిధికి ఇస్తామని కంపెనీ ప్రకటించింది. కొన్నవారి పేరు మాత్రం బయటపెట్టలేదు.

సుఖంగా కూర్చుని ప్రయాణం చేయాలంటే ఇవాళ్టి పది లక్షల కారే దానికన్నా నయం. బజారుకు తీసుకెళ్లలేరు, ఎండలో నిలపలేరు, గీత పడితే గుండె ఆగినంత పని. అయినా ఒక మనిషి అంత డబ్బు పెట్టాడంటే, అతను కొన్నది కారును మించినది ఏదో అయి ఉండాలి. అదేమిటో నిదానంగా చూద్దాం. ‘డబ్బు ఎక్కువై’ అన్న జవాబు మన నోటికి తొందరగా వస్తుంది కానీ, దాంతో ఏమీ తేలదు. డబ్బు ఎక్కువైనవాళ్లు అడవులు కొనవచ్చు, ఆసుపత్రులు కట్టవచ్చు, ఊరికే బ్యాంకులో ఉంచుకోవచ్చు. కార్ల మీదికీ పడవల మీదికీ మనసు ఎందుకు పోతోందన్నదే ప్రశ్న.

వాడకం దాటిన చోట మొదలయ్యేది

హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. మన ప్రాంతంలో కారును హాయిగా పరుగెత్తించడానికి వీలున్న రోడ్లలో అదొకటి. అక్కడ కూడా వేగం గంటకు 120 కిలోమీటర్లు దాటకూడదు. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ ఇళ్లలో మాత్రం గంటకు 300 దాటగల లాంబోర్గినీలు, ఫెరారీలు ఉన్నాయి. 120ని అందుకోవడానికి పదిహేను లక్షల కారు చాలు. పైన పెట్టిన మూడు నాలుగు కోట్లూ ఎప్పటికీ వాడుకోలేని వేగానికే పోయాయి.

ఈ విడ్డూరాన్ని నూట పాతికేళ్ల కిందటే పట్టుకున్నవాడు థార్‌స్టీన్ వెబ్లెన్ అనే అమెరికన్ ఆర్థికవేత్త. నార్వే నుంచి వలస వచ్చిన రైతు దంపతుల కొడుకు. రైళ్లు, ఉక్కు, చమురు వ్యాపారాల్లో కొత్తగా కోట్లు గడించిన కుటుంబాలను బయట నిలబడి గమనించి, 1899లో ‘ది థియరీ ఆఫ్ ది లీజర్ క్లాస్’ అనే పుస్తకం రాశాడు. అతను చెప్పినదాని సారాంశం ఇది: సంపద ఉన్నంత మాత్రాన గౌరవం రాదు, అది ఉందని పదిమందికీ తెలియాలి. తెలియజెప్పడానికి తిండి, బట్ట, గూడు పనికిరావు. అవసరానికి అందరూ ఖర్చు పెట్టేవారే. అవసరం లేనిదాని మీద పెట్టగలిగితేనే అది కలిమికి రుజువు. ఈ లెక్కలో దుబారా పొరపాటున జరిగేది కానే కాదు, అసలు ఉద్దేశమే అది.

అయితే ఆ పదిమంది ఎవరు? ఇక్కడే మనం తరచు తప్పు లెక్క వేస్తాం. ఖరీదైన కారు మన ముందు నుంచి దూసుకుపోతే, మనకు చూపించుకోవడానికే అనుకుంటాం. కానీ రోడ్డు మీద పోయేవారికి నాలుగు కోట్ల ఫెరారీకీ నాలుగు వందల కోట్ల ఫెరారీకీ తేడా తెలియదు. ఆ రెండోది చూస్తే పాత ఎర్ర కారనుకుంటారు. దాని విలువ తెలిసిన కళ్లు లోకంలో కొద్దిపాటివే. ఆ కళ్ల కోసమే ఈ పోటీ అంతా. వేలంలో కొన్నవారి పేరు పత్రికలకు తెలియకపోయినా, వారికి తెలియాల్సినవారికి తెలియకుండా ఉంటుందా?

మనుషులు దేన్ని పక్కవారితో పోల్చుకుంటారు, దేన్ని పోల్చుకోరు అన్నదాని మీద సారా సోల్నిక్, డేవిడ్ హెమెన్‌వే అనే ఇద్దరు పరిశోధకులు 1998లో ఒక సర్వే ఫలితాలు ప్రకటించారు. హార్వర్డ్ ప్రజారోగ్య విద్యాలయంలోని విద్యార్థులను, ఉద్యోగులను అడిగారు: మీకు ఏటా 50 వేల డాలర్లు, మిగతావారికి 25 వేలు వచ్చే లోకం కావాలా? మీకు లక్ష, మిగతావారికి రెండు లక్షలు వచ్చే లోకం కావాలా? దాదాపు సగం మంది మొదటిదే కోరుకున్నారు. చేతికొచ్చే డబ్బు సగమైనా సరే, పక్కవారికన్నా పైన ఉండాలి. సెలవు రోజుల గురించి అడిగినప్పుడు మాత్రం ఎక్కువమంది పోలిక వదిలేశారు. ఎదుటివారికి ఎన్ని ఉన్నా, తమకు ఎక్కువ సెలవులు ఉంటే చాలన్నారు. అంటే పోల్చుకునే గుణం అన్నింటి మీదా ఒకేలా పనిచేయదు. లెక్కకు వచ్చేవాటి మీద, కంటికి కనపడేవాటి మీద గట్టిగా పనిచేస్తుంది. కారు, పడవ ఆ జాబితాలో ముందుంటాయి. ఇంటిలా ఒకచోట పాతుకుపోవు. యజమాని ఎక్కడికి వెళితే అక్కడికి వెంట వస్తాయి.

ఒకటితో ఎందుకు ఆగదు

కొనడం ఒక సంగతి, పోగు చేయడం మరొకటి. పదో కారు కొనేవాడికి తొమ్మిది కార్లు ఉన్నాయి కదా?

ఫెరారీ వ్యాపారం చూస్తే దీనికి సగం జవాబు దొరుకుతుంది. 2024లో ఆ కంపెనీ ప్రపంచమంతా కలిపి అందించిన కార్లు 13,752. మన మారుతీ సుజుకీ అన్ని కార్లను మూడు రోజుల్లో అమ్మేస్తుంది. గిరాకీ లేక ఇలా జరగడం లేదు. అడిగినవారందరికీ ఇవ్వకపోవడమే ఆ కంపెనీ వ్యాపార రహస్యం. మామూలు సరుకుకు ధర పెంచితే కొనేవారు తగ్గుతారు. ఇలాంటి సరుకుకు ధర తగ్గిస్తే మోజు తగ్గుతుంది. అందరి చేతికీ వచ్చినదానితో ఎవరి హోదా పెరుగుతుంది? ఇలాంటి సరుకులకు ఆర్థికశాస్త్రంలో వెబ్లెన్ పేరే పెట్టారు.

2013లో వచ్చిన లాఫెరారీ కూపేలను 499 మందికి మాత్రమే చేస్తామన్నారు. ధర పది లక్షల యూరోల పైమాట. చేతిలో డబ్బుంటే చాల్లేదు. అంతకుముందే ఫెరారీలు కొని, కంపెనీతో ఏళ్ల తరబడి సంబంధం నిలుపుకున్నవారికే పిలుపు వచ్చింది. మొదటి కారు రెండోదానికి అర్హత తెస్తుంది, అయిదో కారు ఎవరికీ దొరకని ఆరోదానికి దారి తీస్తుంది. బయటినుంచి చూస్తే గ్యారేజీలో కార్లు పేరుకుపోతున్నట్టు ఉంటుంది. లోపలివారికి అది మెట్లెక్కడం. ఆ మెట్టు మీదికి డబ్బు ఒక్కటే తీసుకుపోలేదన్న సంగతే వారిని మరింత లాగుతుంది. అన్నీ కొనగలిగినవారికి, కొనడానికి వీల్లేదన్నదాని మీదే కదా ఆశ.

ఈ కథకు పాత ఉదాహరణ ఫెరారీ 250 జీటీఓ. 1962 నుంచి 1964 వరకు 36 మాత్రమే చేశారు. అమెరికాలో అప్పటి ధర 18 వేల డాలర్లు. అప్పుడు కూడా ఎంజో ఫెరారీ గానీ, అమెరికాలో ఆయన వ్యాపారం చూసే లూయిజీ కినెట్టీ గానీ సరేనన్నవారికే ఆ కారు దక్కేది. 2023 నవంబరులో న్యూయార్క్ వేలంలో వీటిలో ఒకటి 5.17 కోట్ల డాలర్లకు పోయింది. అంటే 400 కోట్ల రూపాయలు దాటింది. ఈ కార్ల యజమానులు కొన్నేళ్లకోసారి ఒకచోట చేరి కార్లతో యాత్ర చేస్తారు. అందులో చేరడానికి వేరే సభ్యత్వ రుసుము లేదు, ఆ కారే సభ్యత్వం. ఫ్యాషన్ వ్యాపారి రాల్ఫ్ లారెన్, పింక్ ఫ్లాయిడ్ సంగీత బృందం డ్రమ్మర్ నిక్ మేసన్ లాంటివారు ఈ కార్ల యజమానుల్లో ఉన్నారు. ఎక్కడెక్కడి రంగాల వారినో ఒకే బల్ల దగ్గర కూర్చోబెడుతుంది ఆ కారు. అలాంటి పరిచయాలకు మరో దారిలో అంత సులువుగా తలుపు తెరుచుకోదు.

మీటర్ల మీద వాదన లేదు

కార్ల కన్నా పడవలది పై మెట్టు. దీనికి కారణం కొనే ధరలో కన్నా ఆ తర్వాతి ఖర్చులో ఉంది. కారు కొని షెడ్డులో పెట్టి తాళం వేయవచ్చు. పెద్ద విలాస నౌకకు అలా కుదరదు. వంద మీటర్ల నౌకలో కెప్టెన్ నుంచి వంటవారి దాకా నలభై యాభై మంది సిబ్బంది ఏడాది పొడవునా ఉండాలి. రేవు అద్దె, బీమా, ఇంధనం, ఉప్పునీళ్లు తినేసే రంగు, యంత్రాల మరమ్మతు ఇవన్నీ అదనం. ఏడాది ఖర్చు నౌక ధరలో పదో వంతు ఉంటుందన్నది ఆ వ్యాపారంలో వాడుకలో ఉన్న ఉజ్జాయింపు లెక్క. అమెజాన్ స్థాపకుడు జెఫ్ బెజోస్ నెదర్లాండ్స్‌లో కట్టించుకున్న ‘కోరు’ అనే 127 మీటర్ల తెరచాప నౌక ఖరీదు 50 కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి. ఆ లెక్కన దాన్ని నీటి మీద నిలిపి ఉంచడానికే రోజుకు కోటి రూపాయలు దాటుతుంది. తెరచాపల వల్ల దాని మీద హెలికాప్టర్ దిగలేదు. అందుకని వెంట వెళ్లడానికి హెలిప్యాడ్ ఉన్న 75 మీటర్ల మరో నౌకను పెట్టుకున్నారు.

1975లో అమోట్జ్ జహావి అనే ఇజ్రాయెల్ జీవశాస్త్రవేత్త మగ నెమలి తోక గురించి ఒక సిద్ధాంతం చెప్పాడు. అంత బరువు తోకను ఈడ్చుకుంటూ తిరగడం నెమలికి ప్రమాదమే. కానీ ఆ ప్రమాదాన్ని మోస్తూ బతికి ఉందంటే అది బలమైనదని ఆడ నెమలికి తెలుస్తుంది. బలహీనమైన పక్షి ఆ నటన చేయలేదు. విలాస నౌక చేసే పని కూడా ఇలాంటిదే. ఒక్కసారి కొనడానికి అప్పు తేవచ్చు. ఏటేటా పదో వంతు పోస్తూ ఉండాలంటే నిజంగానే ఉండాలి.

లేనప్పుడు ఏమవుతుందో విజయ్ మాల్యా ‘ఇండియన్ ఎంప్రెస్’ చూపించింది. 95 మీటర్ల ఆ నౌక ఒకప్పుడు ఆయన విందులకు వేదిక. కింగ్‌ఫిషర్ విమానాలు 2012లో ఆగిపోయాయి, 2016లో ఆయన దేశం విడిచి వెళ్లాడు. 2018లో మాల్టా రేవులో నౌక సిబ్బంది తమకు పది లక్షల డాలర్లకు పైగా జీతాలు బకాయి ఉన్నాయంటూ కోర్టుకెక్కారు. కోర్టు నౌకను పట్టి ఉంచి అమ్మించింది. చివరికి అది 3.5 కోట్ల యూరోలకు పోయింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్న సామెత కొంతకాలమే చెల్లుతుంది. పల్లకీ మోసేవాళ్లకు కూలి ఆగిన రోజున లోపలి సంగతి ఊరందరికీ తెలిసిపోతుంది.

పడవల పోటీకి గ్రీకు నౌకా వ్యాపారులు అరిస్టాటిల్ ఒనాసిస్, స్టావ్రోస్ నియార్కోస్ చిరకాల ఉదాహరణ. ఇద్దరూ చమురు రవాణా నౌకలతో గడించారు, ఒకే ఇంటి అక్కాచెల్లెళ్లను పెళ్లాడి తోడల్లుళ్లయ్యారు, బతికినంతకాలం ఒకరినొకరు మించాలని చూశారు. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన ఒక కెనడా యుద్ధనౌకను ఒనాసిస్ తుక్కు ధరకు, 34 వేల డాలర్లకు కొన్నాడు. నలభై లక్షల డాలర్లు పోసి దాన్ని రాజభవనంలా మార్చి కూతురి పేరిట ‘క్రిస్టినా’ అని పిలిచాడు. అందులో ఈతకొలను అడుగు పైకి లేస్తే నాట్యానికి వేదికయ్యేది. విన్‌స్టన్ చర్చిల్ అందులో చాలాసార్లు అతిథి. పొగాకు వ్యాపారంతో మొదలుపెట్టిన ఒక వలస కుర్రాడికి, ఏ కులీనుల క్లబ్బులోనూ దొరకని పరిచయాలను ఆ పడవ ఇంటికి తెచ్చింది. ఒనాసిస్‌కు అది దుబారా అనుకుంటే పొరపాటే, వ్యాపార పెట్టుబడిలో భాగం. ఒకసారి నడిసముద్రంలోకి వెళ్లాక అతిథి మధ్యలో లేచి వెళ్లిపోలేడు. మాట్లాడుకోవడానికి కావలసినంత సమయం దొరుకుతుంది.

తర్వాతి తరంలో ఈ పోటీ సాఫ్ట్‌వేర్ వ్యాపారుల చేతికి వచ్చింది. మైక్రోసాఫ్ట్ స్థాపకుల్లో ఒకరైన పాల్ అలెన్ 2003లో 126 మీటర్ల ‘ఆక్టోపస్’ను నీటిలోకి దించాడు. అదే సమయంలో ఒరాకిల్ అధిపతి లారీ ఎలిసన్ కట్టిస్తున్న ‘రైజింగ్ సన్’ పొడవును నిర్మాణంలో ఉండగానే 138 మీటర్లకు పెంచారు. అలెన్‌ను దాటడానికే అని అప్పట్లో అందరూ అనుకున్నారు. తీరా తయారయ్యాక అది ఎలిసన్‌కే మరీ పెద్దదనిపించి, సగం వాటా, తర్వాత మొత్తం సినీ నిర్మాత డేవిడ్ గెఫెన్‌కు అమ్మేశాడు. 2010లో రష్యా వ్యాపారి రోమన్ అబ్రమోవిచ్ 162 మీటర్ల ‘ఎక్లిప్స్’తో అందరికన్నా పైకి వెళ్లాడు. మూడేళ్లకే అప్పటి యూఏఈ అధ్యక్షుడు షేక్ ఖలీఫా కోసం కట్టిన 180 మీటర్ల ‘అజ్జామ్’ దాన్ని దాటేసింది.

పొడవుకే ఇంత పట్టుదల ఎందుకంటే, అందం మీద, అభిరుచి మీద ఎంతైనా వాదించుకోవచ్చు గానీ మీటర్ల మీద వాదన లేదు. ఒకే రేవులో పక్కపక్కన ఆగిన రెండు పడవల్లో ఏది పొడుగో పసిపిల్లవాడు కూడా చెబుతాడు. వెయ్యి కోట్ల డాలర్లు, రెండు వేల కోట్ల డాలర్లు అన్న అంకెలు బ్యాంకు ఖాతాలో కంటికి కనపడవు. పడవ వాటిని కొలిచి చూపే బద్ద అవుతుంది.

వరుస తేలనివారికే తొందర

అలాగని ధనవంతులందరూ ఈ పోటీలో ఉన్నారనుకోవద్దు. దీనికి మన హైదరాబాదే మంచి సాక్ష్యం. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ను ప్రపంచంలోనే అత్యంత ధనవంతుడిగా 1937 ఫిబ్రవరి 22 నాటి టైమ్ పత్రిక ముఖచిత్రంగా వేసింది. 184 క్యారెట్ల జాకబ్ వజ్రాన్ని కాగితాలు ఎగరకుండా బరువుగా పెట్టుకున్నాడని ప్రసిద్ధి. అదే మనిషి వెలిసిపోయిన షేర్వాణీ, పాత టోపీతో కనపడేవాడు, చవక సిగరెట్లు తాగేవాడు.

ఆయన దగ్గర గొప్ప కారు లేక కాదు. తండ్రి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. 1912 మోడల్, పసుపు రంగు, వెనక సింహాసనంలా ఎత్తైన ఆసనం. తండ్రి 1911లోనే పోవడంతో అది కొడుక్కు దక్కింది. దర్బారు ఉత్సవాలకే బయటికి తీసేవారు. దశాబ్దాల పాటు ఉన్నా కొన్ని వందల కిలోమీటర్లకు మించి తిరగలేదంటారు. ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో సందర్శకులు దాన్ని చూడవచ్చు.

బ్రిటిష్ పాలనలో సంస్థానాధీశుల హోదాను తుపాకీ వందనాల సంఖ్య నిర్ణయించేది. తొమ్మిది నుంచి ఇరవై ఒకటి దాకా మెట్లుండేవి. హైదరాబాద్‌కు 21. దేశం మొత్తం మీద ఆ గౌరవం అయిదు సంస్థానాలకే ఉండేది. పైగా 1918లో ఇంకే రాజుకూ లేని ‘ఎగ్జాల్టెడ్ హైనెస్’ బిరుదు ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఇచ్చారు. తన వరుస తేలిపోయినవాడు చిరిగిన టోపీ పెట్టుకున్నా వరుస మారదు. 17 తుపాకుల పటియాలా మహారాజు భూపిందర్ సింగ్ పదుల సంఖ్యలో రోల్స్ రాయిస్‌లు కొన్నాడు. ఇందులో మనిషి స్వభావానికీ పాత్ర ఉంటుంది. అదే 21 తుపాకుల మహబూబ్ అలీ ఖాన్ బట్టల కోసం పురానీ హవేలీలో ఒక భవనం నిడివి బీరువాలు కట్టించుకున్నాడు మరి. అయినా మొత్తం మీద చూస్తే, స్థానం ఇంకా తేలని చోటే చూపించుకోవాలన్న ఆత్రం ఎక్కువ. ఒనాసిస్, అబ్రమోవిచ్, కంప్యూటర్ వ్యాపారులు అందరూ తమ తరంలోనే పైకి వచ్చినవారని గమనించండి. దేశాలు దాటిన కొత్త డబ్బుకు తుపాకీ వందనాలు ఎవరూ ఇవ్వరు. తమ వరుసను తామే కొలిచి చూపించుకోవాలి.

అంతా దర్పమేనా?

కాదు. అలా అంటే చాలామందికి అన్యాయం చేసినట్టే. అమెరికన్ హాస్యనటుడు జే లెనో దగ్గర కార్లు, మోటార్ సైకిళ్లు వందల్లో ఉన్నాయి. ఆవిరి కార్ల నుంచి సూపర్ కార్ల దాకా వాటి గురించి ఆయన చెబుతుంటే యంత్రం మీద ప్రేమ తెలుస్తుంది. చేతికి గ్రీజు అంటించుకుని స్వయంగా మరమ్మతులు చేస్తాడు. కుర్రతనంలో పాత ఫోర్డు ట్రక్కు బాగుచేసుకుంటూ పట్టుకున్న పిచ్చి అది. పాల్ అలెన్ ఆక్టోపస్‌లో జలాంతర్గామి, నీటి అడుగున వెతికే రోబో ఉండేవి. 1944లో మునిగిన జపాన్ యుద్ధనౌక ముసాషీని 2015లో ఫిలిప్పీన్స్ సముద్రగర్భంలో కనిపెట్టింది ఆయన బృందమే. వెతకడం, దొరకడం, జత కుదరడం అన్న ఆనందం తపాలా బిళ్లలు పోగుచేసే పిల్లవాడిలోనూ ఉంటుంది. ధర ఒక్కటే తేడా.

ఏకాంతం మరో కారణం. లోకమంతా గుర్తుపట్టే మనిషికి హోటల్లో, బీచ్‌లో ప్రశాంతత ఉండదు. నడిసముద్రంలో ఆ బాధ లేదు.

పెట్టుబడి అన్న మాట కూడా వినిపిస్తుంది. పాత కార్ల విషయంలో అది కొంతవరకు నిజం. బ్రిటన్‌లో సొంత కారు అమ్మి లాభం చేసుకుంటే మూలధన లాభాల పన్ను లేదు. కాలక్రమంలో అరిగిపోయే ఆస్తిగా దాన్ని లెక్కిస్తారు కాబట్టి. కానీ ఈ బాటలో గుంతలున్నాయి. 1988లో ఎంజో ఫెరారీ చనిపోయాక ఆయన కార్ల ధరలు విపరీతంగా పెరిగి, 1990 తర్వాత కూలిపోయాయి. పడవల విషయంలో ఆ మాట అసలే చెల్లదు. నీటిలోకి దిగిన రోజు నుంచి నౌక విలువ తగ్గుతూనే ఉంటుంది, ఖర్చు మాత్రం ఆగదు. ఆంక్షల కింద 2022లో ఫిజీలో పట్టుబడిన 106 మీటర్ల ‘అమాడియా’ను చూసుకోవడానికి అమెరికా ప్రభుత్వానికి నెలకు ఆరు లక్షల డాలర్లకు పైగా అయింది. పట్టుకున్నవారికే అది బరువైంది.

పోటీ కిందికి ఎలా దిగుతుంది

వాళ్ల డబ్బు, వాళ్ల ఇష్టం, మనకేం అనుకోవచ్చు. కానీ ఈ పోటీ పైనే ఉండిపోదు. నెదర్లాండ్స్‌లో ఒక విచిత్రమైన లాటరీ ఉంది. వారానికో పోస్ట్‌కోడ్‌ను తీస్తారు. అక్కడి పోస్ట్‌కోడ్ అంటే ఒక చిన్న వీధి. ఆ వీధిలో టికెట్ కొన్నవారందరికీ డబ్బు, ఒకరికి కొత్త బీఎండబ్ల్యూ కారు. ఆర్థికవేత్తలు గెలిచినవారి పక్కింటివారి మీద దృష్టి పెట్టారు. 2011లో ప్రచురించిన ఫలితం ప్రకారం, లాటరీ తగలనివారు కూడా పక్కింట్లో తగిలాక కొత్త కారు కొనే అవకాశం పెరిగింది. వారి ఆదాయం మారలేదు, పాత కారు చెడిపోలేదు. మారింది ఎదురుగా కనపడే దృశ్యమే.

మన దగ్గర పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అంటాం. అమెరికా ఆర్థికవేత్త రాబర్ట్ ఫ్రాంక్ దీన్నే మెట్టు మెట్టుగా వివరించాడు. అత్యంత ధనవంతులు ఖర్చు పెంచితే వారి కిందివారి కొలత మారుతుంది, వారిని చూసి ఆ కిందివారిది, అలా మధ్యతరగతి దాకా. పేదవాడు కోటీశ్వరుణ్ని అనుకరించడు, తనకన్నా ఒక మెట్టు పైవాణ్ని చూస్తాడు. ఆ మెట్లన్నీ కలిస్తే పై నుంచి కింది దాకా గొలుసే. మన ఊళ్లలో ఈఎంఐ మీద తెచ్చిన పెద్ద ఎస్‌యూవీలు ఈ గొలుసులో మనకు కనపడే చివర.

ఆ గొలుసులో వస్తువే లేని కొలబద్ద కూడా మన దగ్గర ఉంది. హైదరాబాద్ ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసులో 9999 నంబరు కోసం పాతిక లక్షల దాకా పాడినవారున్నారు. ఆ నంబరు వల్ల కారు వేగం పెరగదు, సీటు మెత్తబడదు. అంత డబ్బూ పూర్తిగా వరుస కోసమే. విలాస కారులో ఇంజన్, తోలు, పనితనం కలగలిసి ఉండటంతో కారణం మసకబారుతుంది. నంబరు ప్లేటులో అది అద్దంలా కనపడుతుంది.

పన్ను వేస్తే ఆగుతుందా?

వీధి నాటకంలో ముందు వరుసవాళ్లు లేచి నిలబడితే వెనకవాళ్లంతా లేవాలి. అందరూ నిలబడ్డాక ఎవరికీ ముందుకన్నా బాగా కనపడదు, కాళ్లు మాత్రం నొప్పి. పడవల పోటీ కూడా అంతే. ప్రపంచంలోని విలాస నౌకలన్నీ రాత్రికి రాత్రి సగానికి కుంచించుకుపోయినా వరుస చెదరదు. మొదటిది మొదటిదే, పదోది పదోదే. యజమానులు డబ్బు పోసి కొన్న స్థానంలో వీసమెత్తు తగ్గదు. అందుకే ఇలాంటి ఖర్చు మీద పన్ను వేస్తే ఎవరికీ పెద్దగా నొప్పి ఉండదని ఫ్రాంక్ లాంటివారి వాదన.

వాదన బలంగానే ఉంది, ఆచరణే కష్టం. 1991 నుంచి అమెరికా లక్ష డాలర్లు దాటిన పడవల మీద పది శాతం విలాస పన్ను వేసింది. ఆర్థిక మాంద్యం కూడా తోడై పడవల అమ్మకాలు పడిపోయాయి. ధనవంతులు పాత పడవతో సరిపెట్టుకున్నారు, లేదా వేరే దేశంలో కొన్నారు. ఉద్యోగాలు పోయింది పడవలు కట్టే వడ్రంగులకు, వెల్డర్లకు. రెండేళ్లకే, 1993లో, పడవల మీద ఆ పన్ను ఎత్తేశారు. ఒక దేశం పన్ను వేస్తే నౌక జెండా మార్చి కేమన్ దీవులకో మాల్టాకో పోతుంది. మన దేశం 2025 సెప్టెంబరు 22 నుంచి విలాస పడవలను 40 శాతం జీఎస్‌టీ శ్రేణిలో పెట్టింది. ఇక్కడ పడవల మోజు ఇంకా పుంజుకోలేదు కాబట్టి దాని ఫలితం ఇప్పట్లో తేలదు.

కొన్నిసార్లు చట్టం కన్నా జనం నవ్వు ఎక్కువ పనిచేస్తుంది. కోరును సముద్రంలోకి తెచ్చేందుకు రాటర్‌డామ్‌లోని పాత రైలు వంతెన మధ్య భాగాన్ని తాత్కాలికంగా విప్పాలని 2022లో ప్రతిపాదన వచ్చింది. నౌక వెళితే కుళ్లిన గుడ్లు విసురుతామని ఊరివాళ్లు వేలమంది ముందుకొచ్చారు. ప్రతిపాదన ఆగిపోయింది. తెరచాప స్తంభాలు లేకుండానే నౌకను రాత్రిపూట మరో దారిలో లాక్కెళ్లారు. మెప్పు కోసం కొన్నదానికి వెక్కిరింత ఎదురైతే దాని విలువ అక్కడికక్కడే పడిపోతుంది. ఏ వస్తువుకు గౌరవం ఇవ్వాలన్నది చూసేవారి చేతిలోనే ఉంటుంది. ఆ వస్తువు కొలబద్ద అయ్యేది మనం తల ఎత్తి చూసినంతకాలమే.

సెలవుల గురించి ఆ హార్వర్డ్ సర్వే చెప్పినది మనలాంటివారికి పనికొచ్చే మాట. తీరిక, ఆరోగ్యం, నిద్ర, పిల్లలతో గడిపే సాయంత్రం లాంటివాటిని జనం అంతగా పోల్చుకోరు, కాబట్టి వాటి విలువను పక్కవాడు కొత్తది కొని తగ్గించలేడు. పడవల వరుసలో ఉన్నవారికి ఒకరు ఆగితే వెనకబడతామన్న భయం ఉంటుంది. ఆ వరుసలోనే లేనివారికి ఆ భయం అరువు తెచ్చుకునే అవసరం లేదు, దాని మీద వడ్డీ కట్టే అవసరం అంతకన్నా లేదు.